తనిఖీకి వెళ్ళిన ఇల్లు

ఆ వేసవిలో మా ఇల్లు రెండుసార్లు సముద్రం మీదికి దిగింది. మొదటిసారి మా అవసరం కొద్దీ. రెండోసారి నా తప్పు వల్ల.

ఆ తప్పు జనవరి రెండో వారంలో జరిగింది. భూమికి దక్షిణాన ఉన్న మా దేశంలో అది నడి వేసవి. మనవరాలు నోయెమి వాల్దివియా నగరంలో ఓడలు కట్టే ఇంజనీరింగు మొదటి సంవత్సరం పూర్తి చేసి సెలవులకు వచ్చింది. దాని ఫీజు ప్రభుత్వమే కడుతుంది. గదికీ తిండికీ నెలనెలా వచ్చే సాయం కూడా ప్రభుత్వానిదే. అది రావడమే గొప్ప అనుకున్నాం. నిలబెట్టుకోవడం ఇంకా పెద్ద పని అని తర్వాత తెలిసింది. ప్రతి జనవరిలోనూ మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. మార్కులు చూస్తారు. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏం పని చేస్తారు, ఇల్లు ఎక్కడ ఉంది, అన్నీ చూస్తారు. ఒక్కటి తేడా వస్తే సాయం ఆగిపోతుంది.

మా దీవిలో ఫోనుకి సిగ్నల్ అందేది చర్చి వెనక మెట్ట మీద మాత్రమే. నోయెమి అక్కడి రాయి మీద కూర్చుని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. నేను కళ్ళజోడు తగిలించుకుని పక్కన కూర్చున్నాను. దాన్ని ఒక్కదాన్నే పంపితే ఏం నొక్కి వస్తుందో అని నా బెంగ.

"ఏడు సబ్జెక్టుల్లో ఆరు పాసయ్యాను అమ్మమ్మా. ఐదయితే చాలు. మార్కుల గొడవ లేదు."

"ఆ పోయింది ఏమిటి?"

"ఫిజిక్స్."

"ఎందుకు పోయింది?"

"అడక్కు."

తర్వాత వచ్చిన ప్రశ్న దగ్గర దాని వేలు ఆగింది. పోయిన ఏడాది నమోదు చేసిన నివాసంలో ఏదైనా మార్పు ఉందా అని అడుగుతున్నారు. కింద చిన్న పటం, పటంలో మా గట్టు, గట్టు మీద ఎర్ర చుక్క.

"వచ్చే నెల ఇల్లు లాగుతున్నాం కదా. మార్పు ఉంది అని పెడతాను," అంది.

ఫోను నా చేతిలోకి తీసుకున్నాను. మా వంటింటి గోడలకు చలి ఆపడానికి అంటించిన పాత పేపర్లు చూస్తూ, ఒక్కో అక్షరం నాకు నేనే పోల్చుకుని చదవడం నేర్చుకున్నదాన్ని. బడి మెట్లు ఎక్కలేదు. అందుకే చదవడం వచ్చన్న గీర నాకు కొంచెం ఎక్కువ. ప్రశ్నని రెండుసార్లు చదివాను.

"మార్పేముందే? అదే ఇల్లు, అదే పొయ్యి, అదే మనం. కొత్తది కట్టుకున్నామా? ఎవరింట్లోనైనా అద్దెకి దిగామా? లేదని పెట్టు."

"ఈ చుక్క..."

"ఇవాళ చుక్క మీదే ఉందా లేదా?"

"ఉంది."

"మరి? ఉందంటే వంద కాగితాలు అడుగుతారు. ఇక్కడినుంచి అవన్నీ ఎప్పుడు తెస్తావు? గడువు కాస్తా దాటిపోతుంది. లేదని పెట్టు తల్లీ, నా మాట విను."

అది నా మాట విని, లేదని పెట్టింది.

నన్ను మరీ తెలివితక్కువదాన్ని అనుకోకండి. చిలోయే దీవుల్లో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు. మా ఇళ్ళు చెక్క ఇళ్ళు. దిమ్మల మీద కూర్చుని ఉంటాయి. నేల పనికిరాకపోతే ఇంటిని ఎడ్లతో లాక్కుని మంచి నేల మీదికి తీసుకెళ్తాం. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇదే ఇల్లు కొండకి అవతలి పక్కన ఉండేది. దాన్ని ఇల్లు మారడం అని ఎవరూ అనరు. ఇల్లు ఇల్లే. కింద నేల మారుతుంది, అంతే.

పాత చోటు సముద్రం తినేస్తోంది. ముందటి చలికాలం కోళ్ళగూడు పోయింది. గట్టు అంచు వంటింటి గోడకి ఆరడుగుల దూరానికి వచ్చేసింది. మా మరిది బల్దొమేరో ఎదురు దీవిలో తన పొలం పక్కన చోటు ఇస్తానన్నాడు. అంటే ఈసారి ఎడ్లు మాత్రమే చాలవు. ఇంటిని ఒడ్డుకి దించి, పోటు మీద తేల్చి, మోటారు పడవలతో లాగాలి.

ఫిబ్రవరి పున్నమికి పెద్ద పోటు. రెండు దీవుల వాళ్ళూ వచ్చారు. మా దగ్గర ఈ పనికి కూలి ఉండదు. పిలిస్తే వస్తారు, రేపు వాళ్ళు పిలిస్తే మనం వెళ్ళాలి. వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టాలి. నేను తెల్లవారకముందే లేచి గుంట తవ్వించి, రాళ్ళు కాల్పించి, ఆల్చిప్పలు, పంది మాంసం, దుంప రొట్టెలు పేర్చి ఆకులు కప్పించాను. తొమ్మిది జతల ఎడ్లు. ముందు జత బల్దొమేరోది. డెబ్బై దాటినా అతని గొంతు ఇంకా కొండ అవతలికి వినపడుతుంది.

"వదినా, ఆ మొహం ఏమిటి? ఇల్లు లాగుతున్నామా, శవాన్ని మోస్తున్నామా?"

"మునిగిపోతే?"

"మునిగితే చేపలు అద్దె ఇస్తాయి. నువ్వు ఆపిల్ కల్లు బయటికి తీయించు ముందు."

నోయెమి ఇంటి చుట్టూ తిరుగుతూ అడుగున కట్టిన నీలం పీపాలు చూస్తోంది. సాల్మన్ చేపల మడులకి వాడి పారేసిన పీపాలు అవి. "తాతయ్యా, ఎడమ వైపు తక్కువ కట్టారు. పొయ్యి ఆ వైపే ఉంది, గోడ బరువు కూడా అటే," అంది.

"ఫిజిక్స్ పోయిన పిల్లవి నాకు చెప్తున్నావా?" అన్నాడు బల్దొమేరో. అందరూ నవ్వారు. అది మూతి ముడుచుకుని వెళ్ళి మోకు పట్టుకుంది.

ఇల్లు తేలింది. ఎడమ వైపుకి ఒరిగి తేలింది. సగం దారిలో వంటింట్లోకి చీలమండ లోతు నీళ్ళు వచ్చాయి. బరువు ఎక్కువై ముందు పడవ ఇంజను వేడెక్కి ఆగిపోయింది. అది బాగయ్యి ఎదురు దీవి చేరేసరికి పోటు దిగిపోయింది. ఇల్లు రేవు పక్కన బురదలో కూలబడింది. అక్కడినుంచి పైకి లాగడం, బల్లకట్టు మీద దాటించి తెచ్చిన ఆ తొమ్మిది జతల వల్ల కాలేదు. వచ్చే అమావాస్య పోటుకి మళ్ళీ తేలుతుంది, అప్పుడు లాగుదామన్నారు. పదిహేను రోజులు. నేనూ నోయెమీ సామాన్లు తెచ్చుకుని, కొంచెం ఒరిగిన ఆ ఇంట్లోనే ఉన్నాం. పొయ్యి మీద గిన్నె జారకుండా కింద రాయి పెట్టేదాన్ని.

ఇరవయ్యో తారీఖున నోయెమి ఫోను పట్టుకుని, ఈ దీవిలో సిగ్నల్ అందే మెట్ట దిగి వచ్చింది. పరిగెత్తలేదు. అందుకే నాకు భయం వేసింది.

"ఆపేశారు," అంది.

"ఏమిటి?"

"సాయం. ఫీజు కూడా. తనిఖీకి సోమవారం వచ్చారట. నమోదైన చోట నివాసం లేదు అని రాశారు. ఇరవై ఎనిమిది లోపల మనం రుజువు చూపించకపోతే రద్దు."

ఎదురు గట్టు వైపు చూశాను. మా పాత చోటు అక్కడినుంచి కనిపిస్తుంది. ఆపిల్ చెట్టు, దిమ్మలు తీసేసిన గుంటలు. చుక్క అక్కడే ఉంది. ఇల్లు ఇక్కడ ఉంది. నేను చెప్పిన "లేదు" ఆ రెండిటి మధ్య నీళ్ళలా ఉంది.

"నా వల్లే," అన్నాను.

"నేను నొక్కాను కదా అమ్మమ్మా." నెమ్మదిగా, "చేపల ప్యాకింగులో మార్చి నుంచి మనుషుల్ని తీసుకుంటున్నారట. ఈ ఏడాదికి అక్కడ చేరతాను. వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు," అంది.

వచ్చే ఏడాది అన్నవాళ్ళని చాలామందిని చూశాను. దాని తల్లి మిర్తా కూడా ఒక్క ఏడాదికే అని దక్షిణానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం నాలో కలిగింది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. ఒక పక్క గుండె బరువెక్కింది. ఇంకో పక్క, ఆ బరువు అడుగున, ఒక చిన్న తేలిక. ప్యాకింగు షెడ్డు ఈ దీవిలోనే. పిల్ల పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వస్తుంది. మార్చిలో రేవుకి వెళ్ళి చెయ్యి ఊపక్కర్లేదు. నాకు ఒక బెంగ తగ్గుతుంది. దుంపల తొక్క తీస్తూ ఆ తేలికని నేను చాలాసేపు దగ్గర పెట్టుకున్నాను.

మర్నాడు బల్దొమేరోతో కలిసి ముగ్గురం పట్నం వెళ్ళాం. పడవలో మూడు గంటలు. ఆఫీసు సముద్రం ఒడ్డున రోడ్డు పక్కనే. తనిఖీకి వచ్చినామె పేరు కతలాన్, మర్యాదకి సెన్యొరిత కతలాన్ అనేవాళ్ళం. ముప్పై దాటి ఉండవు. ఉత్తరాన ఎడారి దగ్గర పిల్ల, చలికి రెండు స్వెట్టర్లు వేసుకుని ఉంది.

"నేను వచ్చాను దొన్యా ఉబెర్లిందా. నిజంగానే వచ్చాను," అంది, నా పేరుకి మర్యాదగా దొన్యా చేర్చి, తననే ఎవరో తప్పు పట్టినట్టు. "దారంతా వాంతులు. దిగి చూస్తే కొన్ని గుంటలు, ఒక చెట్టు, ఒక కోడి."

"కోడా? ఎర్రదా?"

"ఎర్రదే."

"బల్దొమేరో, విన్నావా? అది బతికే ఉంది!"

"అమ్మమ్మా!" అంది నోయెమి.

సెన్యొరిత కలం కింద పెట్టింది. "ఇల్లు ఎక్కడ మరి?"

"ఎదురు దీవిలో ఉంది."

"అది వేరే ఇల్లు కదా."

"అదే ఇల్లు. లాక్కెళ్ళాం."

ఆమె నవ్వలేదు. "ఇక్కడ ఇళ్ళు లాగుతారని నాకు తెలుసు. పోస్టుకార్డుల మీద చూశాను. కానీ నా కంప్యూటరుకి తెలీదు. మార్పు లేదు అని మీరే రాశారు. చూడండి."

"అది పిల్ల రాయలేదమ్మా. నేను రాయించాను. అది ఉంది అని పెట్టబోయింది. నాకు చదవడం వచ్చని నేనే అడ్డుపడ్డాను."

ఆమె కలం మళ్ళీ అందుకుంది. "అది రాసుకుంటాను. మోసం కాదు, పొరపాటు అని పెడతాను. కానీ అంతకంటే నా చేతుల్లో లేదు. ఆ ఇల్లు నేను కళ్ళారా చూడాలి. పాత ఫోటోలతో పోల్చి, ఇదే ఇల్లు, ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది అని సంతకం పెట్టాలి. అదీ ఇరవై ఎనిమిది శుక్రవారం, రెండు గంటల లోపల."

"రండి అయితే. ఇప్పుడే రండి, పడవ ఉంది," అన్నాడు బల్దొమేరో.

"దరఖాస్తు పెట్టినవాళ్ళ పడవ నేను ఎక్కకూడదు. ఆఫీసు లాంచీ మార్చి పద్దెనిమిదికి గాని లేదు."

"పద్దెనిమిదికి వచ్చి ఏం చేస్తారు? ఎర్రకోడిని పలకరిస్తారా?"

"తాతయ్యా, ఊరుకో." నోయెమి లేచి నిలబడింది. "థాంక్స్ సెన్యొరిత. మీ తప్పేం లేదు."

నేను లేవలేదు. "ఆ నిబంధనల కాగితం ఒకటి ఇస్తారా? ఈసారి సరిగ్గా చదువుకుంటాను," అన్నాను.

నాలుగు పేజీలు. తిరిగి వచ్చేటప్పుడు పడవలో మోకాళ్ళ మీద పెట్టుకుని, వేలు కింద పెట్టి, ఒక్క మాట వదలకుండా చదివాను. చివరి పేజీ అయ్యేసరికి మళ్ళీ మొదటికి వచ్చాను. రెండోసారి చదవడం అయిన పేజీ నోయెమికి ఇస్తూ వచ్చాను, గాలికి పోకుండా పట్టుకుంటుందని. కాసేపటికి చూస్తే అది ఆ పేజీ వెనక పెన్సిలుతో ఏదో గీస్తోంది. మా ఇల్లు. అడుగున వరసలుగా పీపాలు. ఎడమ వైపు ఇన్ని, పొయ్యి కింద ఇన్ని అని అంకెలు వేసుకుంటూ, చెరిపి మళ్ళీ వేసుకుంటూ. చేపల షెడ్డులో చేరబోయే పిల్ల అలా గీయదు. నాలుక కొంచెం బయటపెట్టి గీస్తోంది. నాలుగేళ్ళప్పుడు కూడా అంతే.

బల్దొమేరో చుక్కాని దగ్గర కూర్చుని తనలో తను లెక్క వేసుకుంటున్నాడు. "గురువారం మధ్యాహ్నం పోటు. ఇల్లు తేలగానే పైకి లాగాలి. పదిహేను జతలన్నా కావాలి."

"పైకి లాగే ముందు పట్నం తీసుకెళ్తే?" అన్నాను.

"ఏమిటి?"

"ఇల్లు. గురువారం ఎటూ తేలుతుంది. అధికారి నివాసాన్ని స్వయంగా చూడాలి అని ఉంది. ఆమె దీవికి రావాలని ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను."

బల్దొమేరో ఇంజను వేగం తగ్గించాడు. నోయెమి పెన్సిలు ఆగింది.

"తాతయ్యా, ఎన్ని పీపాలు దొరుకుతాయి?" అని అడిగింది.

"ఎన్ని కావాలి?"

"ఇప్పుడున్నవి కాక ఇంకో ఇరవై ఆరు. ఎడమ వైపే పదిహేడు. ఈసారి నేను చెప్పినచోటే కట్టాలి."

"అలాగే ఇంజనీరు గారూ," అన్నాడతను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ వారం నేను సరిగ్గా నిద్రపోలేదు. తాడు తెగితే? గాలి లేస్తే? నలుగురిలో నవ్వులపాలైతే? అడిగిన ప్రతివాళ్ళూ పడవ తెస్తామన్నారు. అది ఇంకో బెంగ, ఎవరికైనా ఏమైనా అయితే నా మీదికి వస్తుందని. గురువారం మధ్యాహ్నం పోటుకి ఇల్లు తేలింది. నిటారుగా తేలింది. నోయెమి లోపలికి పరిగెత్తి నేల మీద అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. శుక్రవారం తెల్లవారుతూనే, సముద్రం అద్దంలా ఉన్నప్పుడు, ఐదు పడవలు మోకులు అందుకున్నాయి.

"నువ్వు నా పడవలోకి రా వదినా," అన్నాడు బల్దొమేరో.

"ఆమె వచ్చి చూసేసరికి ఇంట్లో మనిషి ఉండాలి. పొయ్యి వెలుగుతూ ఉండాలి. అదీ రాసి ఉంది."

"నీకు నీళ్ళంటే భయం."

"భయమే. నువ్వు నెమ్మదిగా లాగు."

ఇంట్లోనే కూర్చుని వెళ్ళాను. పొయ్యిలో కట్టెలు పెట్టాను. మాతే ఆకు టీ కాచుకున్నాను. కిటికీలోంచి ఒడ్డు నెమ్మదిగా వెనక్కి జరిగింది. అంతవరకు పడవ ఎక్కినా భయానికి తల వంచుకునే కూర్చునేదాన్ని, మిగతా జన్మంతా ఒడ్డు మీద నిలబడే ఉన్నాను. వెళ్ళేవాళ్ళు చిన్నగా అవడమే చూశాను. వెళ్ళేవాళ్ళకి ఒడ్డు ఇలా కనిపిస్తుందని, అదీ చిన్నగా అవుతుందని, దాని మీద ఎవరున్నారా అని వాళ్ళూ వెతుక్కుంటారని నాకు డెబ్బై రెండేళ్ళకి తెలిసింది. ఇంటి కప్పు మీద నోయెమి బోర్లా పడుకుని, ఎడమ, కుడి అని పడవలకి కేకలు వేస్తోంది. దాని కాలి వేళ్ళు పై చెక్కల మీద టకటకలాడుతుంటే నాకు కొంచెం ధైర్యంగా అనిపించింది.

దారిలో చేపల పడవలు రెండు కలిశాయి. తర్వాత ఇంకో మూడు. ఎందుకొచ్చారని అడిగితే, పొగ గొట్టంలోంచి పొగ వస్తూ ఇల్లు పోతుంటే రాకుండా ఎలా ఉంటామన్నారు. పట్నం కనపడేసరికి పది పడవలు.

ఒడ్డు రోడ్డు మీద జనం. బడి పిల్లలు, బేకరీ వాళ్ళు, బస్సు దిగినవాళ్ళు. రేవు అధికారి టోపీ సర్దుకుంటూ మెట్ల దాకా దిగి వచ్చాడు.

"ఏమిటిది? ఎవరు తెమ్మన్నారు?"

"తనిఖీకి వచ్చింది సార్," అన్నాడు బల్దొమేరో.

"ఏం తనిఖీ? ఎవరికి?"

"ఇంటికండీ. ఆ ఎదురు ఆఫీసులో. మధ్యాహ్నానికి తీసుకెళ్ళిపోతాం."

ఆ అధికారి ఇంటిని చూశాడు, పొగని చూశాడు, ఇంకేం అడగాలో తెలియక, మోకు సరిగ్గా కట్టలేదని చెప్పి తనే కట్టాడు.

సెన్యొరిత కతలాన్ ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. రేవుకీ ఇంటికీ మధ్య వేసిన చెక్క మీద కాలు పెట్టబోయి ఆగింది. "కదులుతోందా?"

"కొంచెం," అన్నాను. "రామ్మా. చెయ్యి ఇవ్వు. నేను తెల్లవారినప్పటినుంచి కూర్చున్నాను, నువ్వు అరగంట కూర్చోలేవా?"

లోపలికి వచ్చి గుమ్మం పట్టుకుని రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చింది. ఫైలు తెరిచింది. ముందటి ఏడాది తీసిన ఫోటోలు. మళ్ళీ బయటికి వెళ్ళి గోడ చూసింది. కిటికీ కింద ఊడిపోయిన చెక్క పెంకు చోట కొట్టిన రేకు మీద వేలు పెట్టింది.

"ఇది?"

"పాల డబ్బా రేకు. నేనే కొట్టాను."

"ఫోటోలో ఉంది." ఫైలులో టిక్కు పెట్టింది. "ఫోటోలో ఎడమ వైపు ఆపిల్ చెట్టు ఉంది. అది లేదు."

"చెట్టుకి వేర్లుంటాయి కదమ్మా, అది రాదు."

మొదటిసారి ఆమె పెదవి కదిలింది. పొయ్యి చూసింది, పైన నోయెమి పడక చూసింది, పడక పక్కన పేర్చిన పుస్తకాలు చూసింది. తర్వాత నా ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంది.

"ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేనూ, ఇదీ."

"మీ భర్త?"

"పటగోనియా మైదానాలకి వెళ్ళాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే పనికి."

"ఎప్పుడు వస్తారు?"

"వెళ్ళి నలభై ఎనిమిదేళ్ళయింది."

కలం ఆగింది. "అమ్మాయి తల్లి?"

"దక్షిణాన ఫ్యాక్టరీలో. పదిహేనేళ్ళు. క్రిస్మస్‌కి ఫోను చేస్తుంది."

ఆమె ఫైలు వంకే చూస్తూ, "అంటే ఇద్దరు," అంది.

"ఇద్దరం."

"సాయం వస్తే ఈ అమ్మాయి మార్చిలో వెళ్ళిపోతుంది. మీరు ఒక్కరే ఉంటారు. అది తెలిసే ఇదంతా చేశారా?"

ఆ ప్రశ్న ఫారంలో లేదు. నాకు తెలుసు, నాలుగు పేజీలూ చదివాను కదా. నోయెమి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది.

"తెలిసే చేశానమ్మా," అన్నాను. "ఇంకా ఏమైనా రాయాలా?"

"చిరునామా. ఇప్పుడు మీ ఇల్లు మా ఆఫీసు ముందుంది. ఏమని రాయను?"

నోయెమి వచ్చి ఫోనులో పటం తెరిచింది. ఎదురు దీవి, రేవు, బల్దొమేరో పొలం. "రేపు సాయంత్రానికి ఇక్కడ ఉంటుంది," అంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఎర్ర చుక్కని ఆ నేల మీదికి జరిపారు. ఇల్లు కొంచెం ఊగింది. సెన్యొరిత మొహం పాలిపోయింది, అయినా సంతకం పెట్టేదాకా లేవలేదు. పెట్టి, చెక్క మీదుగా దాదాపు పరిగెత్తింది. రోడ్డు మీద జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో సగం మందికి తెలియదు.

పోటు మీద ఉండగానే మేం వెనక్కి బయలుదేరాం. సగం దారిలో, సిగ్నల్ అందే చోట, కప్పు మీదనుంచి కేక వినపడింది. మాటలు అర్థం కాలేదు. కిటికీలోంచి తల బయటపెట్టాను.

"ఏమైందే? పడ్డావా?"

"వచ్చింది! అమ్మమ్మా, వచ్చింది! కొనసాగింపు మంజూరు అని ఉంది! ఫీజు, గది, తిండి, మొత్తం!"

"సరిగ్గా చదివావా?"

"నువ్వే చదువుకో!" కప్పు మీదనుంచి వంగి ఫోను కిటికీలోకి అందించింది. ఆ ఫోను ఎక్కడ నీళ్ళలో పడుతుందో అని రెండు చేతులతో పట్టుకున్నాను. చదివాను. మళ్ళీ చదివాను. మంజూరు అనే ఉంది. నోయెమి మెండ్రానో గుయైకీన్, రెండో సంవత్సరం, అని ఉంది.

బల్దొమేరో హారను కొట్టాడు. తర్వాత మిగతా నాలుగు పడవలూ. ఆ చప్పుడికి రెండు దీవుల్లోనూ కుక్కలు మొరిగాయి. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి గిన్నెలో ఇంకా దుంపలు వేశాను. పడవలవాళ్ళందరూ ఆకలితో ఉంటారు.

మర్నాడు పోటుకి పదిహేను జతల ఎడ్లు, అరవైమంది మనుషులు. ఈసారి పిలవనివాళ్ళు కూడా వచ్చారు. ఇల్లు బురద దాటింది, గడ్డి ఎక్కింది, బల్దొమేరో పొలం పక్కన కొత్త దిమ్మల దగ్గరికి చేరింది. అతను ఎడ్లని ఆపి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"వదినా, గుమ్మం ఎటు తిప్పమంటావు? త్వరగా చెప్పు, ఎడ్లు నిలబడవు. కొండ వైపు పెట్టనా? గాలి తగలదు."

ఆయన వెళ్ళాక కొండ అవతల ఉన్నప్పుడూ, మిర్తా వెళ్ళాక గట్టు మీదా, నేను గుమ్మం కొండ వైపే పెట్టించుకున్నాను. రేవు కనపడకూడదని. అది అతనికి తెలుసు. అందుకే నేను చెప్పకముందే కొండ వైపు అన్నాడు.

"రేవు వైపు తిప్పు," అన్నాను.

"రేవు వైపా? పొద్దస్తమానం పడవలే కనపడతాయి."

"కనపడనీ. జూలైలో సెలవులకి పిల్ల వస్తుంది. పడవ దూరంగా ఉండగానే చూస్తే దుంపలు ఉడికించడానికి టైముంటుంది."

అతను వెనక్కి తిరిగి గొంతెత్తాడు. నోయెమి ముందు మోకు భుజానికి వేసుకుంది. అరవైమంది ఒక్కసారి వంగారు. మోకులు బిగిశాయి. ఇల్లు కిర్రుమని, నెమ్మదిగా, సముద్రం వైపుకి మొహం తిప్పింది.